గేమ్ ఆడనివాళ్ళూ, మీ ప్రశ్నలే మాకు కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

హనుమకొండలో మేం కొందరు దోస్తులం కలిసి వీడియో గేమ్‌ల మీద తెలుగులో ఒక పాడ్‌కాస్ట్ చేస్తున్నాం. దాని పేరు ఇక్కడ రాయను, ఉత్తరం పేరుతో ప్రచారం చేసుకుంటున్నారని మీరు పక్కన పడేస్తారేమో. రాబోయే ఎపిసోడ్ మొత్తం శ్రోతల ప్రశ్నలకే ఇద్దామనుకున్నాం, కానీ వచ్చేవన్నీ రోజూ ఆడేవాళ్ళవే. ఏ గన్ మంచిది, ఏ ఫోన్ కొనాలి, రెండుసార్లు వాయిదా పడ్డ జీటీఏ 6 ఎప్పుడు చేతికొస్తుంది, ఇట్లాంటివి. వీటి గురించి మేం ఎలాగూ అర్ధరాత్రి దాకా వాదించుకుంటూనే ఉంటాం. గేమ్ ఆడనివాళ్ళు, అంటే పొద్దున్నే పేపర్ చదివే అమ్మానాన్నలు, టీచర్లు, తాతలు ఏం అడుగుతారో వినాలని ఉంది. అందుకే మీ పత్రికకు రాస్తున్నా.

మొన్న మా గల్లీలో ఒక పెద్దమ్మ, "మావోడు డైమండ్లు కొన్న అంటుండు బిడ్డా, అవి మళ్ళ అమ్ముకోవచ్చునా?" అని అడిగింది. నవ్వకండి, మాకు ఇంతవరకు వచ్చిన ప్రశ్నల్లో ఇదే మంచిది. అమ్ముకోలేం. ఫ్రీ ఫైర్ గేమ్‌లో డైమండ్లయినా, పబ్జీ లాంటి బీజీఎంఐ గేమ్‌లో యూసీ అయినా, ఇవి గేమ్ లోపల మాత్రమే చెల్లే డబ్బు, అసలు డబ్బు పెట్టి కొనాల్సిందే, మళ్ళీ ఆ డబ్బు తిరిగి రాదు. వాటితో గేమ్‌లో తాము ఆడించే బొమ్మకు డ్రెస్సులు, గన్‌కు రంగులు కొంటారు. కొన్నింటిని నేరుగా అమ్మరు, ఒక డబ్బా తెరవాలి, అందులో ఏది వస్తుందో తెలియదు, కోరుకున్నది రాకపోతే ఇంకో డబ్బా. ఇది జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చింది. మన దగ్గర 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో గేమ్‌లను, మాత్రం గుర్తించింది. ఈ తేడా చాలా ఇళ్ళల్లో తెలియదు. రమ్మీ యాప్‌లో ఎవరో అప్పులపాలయ్యారని వార్త వస్తే, మైన్‌క్రాఫ్ట్‌లో ఇల్లు కట్టుకుంటున్న పిల్లగాడికి తిట్లు పడతాయి, అదీ "ఆ పబ్జీ బంద్ చెయ్" అని. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబర్‌లోనే నిషేధించారు! తర్వాత వచ్చిన బీజీఎంఐ 2022 జూలైలో ప్లే స్టోర్ నుంచి మాయమై 2023 మేలో తిరిగొచ్చింది, అప్పుడు 18 ఏళ్ళలోపు వాళ్ళకు రోజుకు 3 గంటలని హద్దు పెట్టారు. నాన్న ఫోన్‌లో నాన్న వయసు పెట్టుకుని ఆడితే ఆ హద్దు ఏం పనిచేస్తుందన్నది ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే.

"వైఫై ఫుల్‌గా ఉంది కదా, గేమ్ మధ్యలో ఆగిందని మావాడు ఫోన్ ఎందుకు విసిరేస్తాడు?" ఇదీ అడగొచ్చు. స్పీడ్ వేరు, పింగ్ వేరు. మీ ఫోన్ నుంచి కబురు ఎక్కడో ఉన్న సర్వర్‌కు పోయి తిరిగి రావడానికి పట్టే సమయమే పింగ్. అది 200 మిల్లీసెకన్లు దాటితే, వాడు గురిపెట్టి కాల్చేసరికి అవతలివాడు అప్పటికే గోడ చాటుకు పోయి ఉంటాడు. సినిమా చూసేటప్పుడు ఈ గొడవ ఉండదు, రాబోయే భాగాన్ని ఫోన్ కాస్త ముందే దించుకుని పెట్టుకుంటుంది కాబట్టి. పింగ్ పెరిగితే కోపం రావడం సహజం, ఫోన్ విసరడం మాత్రం మావాళ్ళ తప్పే.

అమ్మాయిల నుంచి ప్రశ్నలు దాదాపు రావు. వాళ్ళు ఆడరని కాదు, మైక్ ఆన్ చేస్తే వినాల్సి వచ్చే మాటలకు భయపడి మ్యూట్‌లో ఆడుతున్నారు. మాకు రాయండి, పేరు చదవం. టీవీకి తగిలించి కాంట్రా, మారియో ఆడిన వయసు వాళ్ళు కూడా రాయాలి, ఆ "9999 ఆటలు" క్యాసెట్ మోసం మీద (కొన్ని ఆటలనే పేర్లు మార్చి మళ్ళీ మళ్ళీ చూపించేది) ఒక ఎపిసోడ్ చేయాలని నాకు ఎప్పటినుంచో ఉంది, మిగతావాళ్ళు ఒప్పుకోవడం లేదు.

మేం డాక్టర్లం కాదు. పిల్లగాడు తిండి, నిద్ర, బడి వదిలేసి గేమ్‌లోనే ఉంటే ఆ ప్రశ్న మాకు కాదు, మానసిక వైద్యులకు తీసుకెళ్ళండి, గేమింగ్ డిజార్డర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో చేర్చింది కూడా. హ్యాక్‌లు (గేమ్‌లో మోసం చేసి గెలిచే దారులు), బెట్టింగ్ యాప్‌లు అడిగితే జవాబివ్వం.

ఎడిటర్ గారూ, మీరు ఒప్పుకుంటే ప్రశ్నలను మీ వరంగల్ ఆఫీసుకే పంపమని చెప్పండి, కవర్ మీద "గేమ్ ప్రశ్న" అని రాస్తే చాలు, మేమే వచ్చి తీసుకుంటాం. గేమ్ పేరు, ఆడేవాళ్ళ వయసు తప్పకుండా రాయాలి, అవి లేకుండా "మావాడు ఎప్పుడూ ఫోన్‌లోనే" అంటే మేం చెప్పగలిగేది ఏమీ ఉండదు. వాట్సాప్ నంబర్ కూడా రాస్తే ఎపిసోడ్ రాగానే లింక్ పంపిస్తాం.

— ఒక గేమ్ పాడ్‌కాస్టర్, నయీంనగర్, హనుమకొండ