పిల్లల బెంగ, పిల్లల నిద్ర

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఆటల పోటీల వివరాలు, సెలవుల జాబితా ఈసారి వెనక పేజీలో వేశాం. ఈ ఉత్తరం మాత్రం పూర్తిగా పిల్లల నిద్ర గురించి, ఆ నిద్రను దూరం చేస్తున్న బెంగ గురించి. కొంతకాలంగా అన్ని తరగతుల టీచర్లూ నాతో ఒకే మాట అంటున్నారు. మొదటి పీరియడ్‌లోనే పిల్లల కళ్లు వాలిపోతున్నాయట. మీలో చాలామంది చెప్పిన సంగతులూ దానికి సరిపోతున్నాయి. పడుకోబెట్టాక గంటసేపు అటూ ఇటూ దొర్లుతున్నారు, సెలవు ముగిసే రోజు సాయంత్రానికి మొహం చిన్నబోతోంది, బడికి బయల్దేరే వేళకు కడుపునొప్పి వస్తోంది. ఆ కడుపునొప్పి నాటకం కాదు. భయపడినప్పుడు పేగుల కదలిక నిజంగానే మారుతుంది, నొప్పీ నిజంగానే ఉంటుంది. కాబట్టి దయచేసి బుజ్జగింపుతోనో కోపంతోనో మొదలుపెట్టకండి. “నొప్పిగా ఉందంటే నమ్ముతున్నాను” అనే మాటతో మొదలుపెట్టండి.

నిద్ర సుఖమెరుగదని పెద్దలంటారు. ఒళ్లు అలసినవాళ్ల విషయంలో అది నిజమే. లోపల ఏదో తొలుస్తున్న పిల్లలకు మాత్రం మెత్తటి పరుపు వేసినా కునుకు పట్టదు. మర్నాటికి ఇంకో చిక్కు వచ్చిపడుతుంది. మెదడులో అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం నిద్ర చాలనప్పుడు మామూలుకన్నా గట్టిగా స్పందిస్తుంది. దాన్ని సముదాయించాల్సిన నుదుటి వెనక భాగానికి పట్టు సడలుతుంది. మెదడు స్కాన్ల సాయంతో చేసి 2007లో ప్రచురించిన ఒక పరిశోధన ఈ సంగతి చూపించింది. అందుకే నిన్న చిన్నగా కనిపించినది ఇవాళ కొండంత అవుతుంది. రాత్రికి మళ్లీ అదే గుర్తొచ్చి నిద్ర పట్టదు. “కళ్లు మూసుకుని పడుకో” అని గదమాయించి దీన్ని ఆపలేం. నిద్రను బలవంతాన తెచ్చుకోవడం పెద్దవాళ్లకే చేతకాదు. మన చేతిలో ఉన్నది ఆ రాత్రికి ముందున్న పగలు. అందుకే ఈ ఉత్తరంలో పడక కన్నా పగటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

భయాలన్నీ పడకెక్కాకే ఎందుకు గుర్తొస్తాయి? బడి, హోంవర్క్, ట్యూషన్, ఫోను, టీవీ, ఇవన్నీ అయ్యాక దీపం ఆర్పినప్పుడే పిల్లలకు ఆ రోజు మొదటిసారి నిశ్శబ్దం దొరుకుతుంది. పగలంతా వరుసలో నిలబడ్డ బెంగలన్నీ అప్పుడు ముందుకొస్తాయి. వాటి గురించి ఆలోచించొద్దంటే పని జరగదు. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో చేసిన ప్రయోగంలో కొందరిని తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దన్నారు. వాళ్ల వల్ల కాలేదు. పైగా ఆ ఆంక్ష తీసేశాక, మొదటినుంచీ తలచుకోమన్నవాళ్ల కన్నా వీళ్లకే అది ఎక్కువగా గుర్తొచ్చింది. పరీక్ష భయాన్ని తొక్కిపెట్టినా అంతే.

దీనికి పనికొచ్చే పద్ధతి ఒకటుంది. బెంగకు సాయంత్రం ఒక వేళ కేటాయించండి. పడుకునే సమయానికి గంట, గంటన్నర ముందు, పడకగదిలో కాకుండా వేరేచోట, పది పదిహేను నిమిషాలు పిల్లల పక్కన కూర్చోండి. ఇవాళ మనసులో ఏముందో చెప్పమనండి. చెప్పడం రాని చిన్నవాళ్లు బొమ్మ గీస్తారు. వెంటనే పరిష్కారం చెప్పకండి. బిడ్డ బాధపడుతుంటే నోరు ఊరుకోదని నాకు తెలుసు, అయినా మొత్తం వినండి. తర్వాత ఇద్దరూ కలిసి ఆ బెంగల్లో మనం ఏదైనా చేయగలిగినవి ఏవో, మన చేతిలో లేనివి ఏవో విడదీయండి. చేయగలిగినవాటి పక్కన ఒక చిన్న పని రాయించండి. “లెక్కలంటే భయం” అన్నది అలాగే ఉంటే రాత్రంతా తలలో తిరుగుతుంది. “ఐదో లెక్క అర్థం కాలేదని రేపు టీచర్‌ని అడగాలి” అని కాగితం మీద రాసి బ్యాగులో పెట్టుకుంటే దాన్ని పట్టుకుని మేలుకోవాల్సిన పని మనసుకు ఉండదు. 2018లో మైకేల్ స్కలిన్ బృందం యువతీయువకులతో చేసిన ప్రయోగంలో పడుకునే ముందు 5 నిమిషాలు రాబోయే రోజుల పనులు రాసుకున్నవాళ్లు, అప్పటికే అయిపోయిన పనులు రాసుకున్నవాళ్ల కన్నా సుమారు 9 నిమిషాల ముందే నిద్రలోకి జారుకున్నారు. పనుల్ని ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది.

అదే బెంగ రాత్రి మళ్లీ తలెత్తితే, “రాసిపెట్టుకున్నాం కదా, రేపు సాయంత్రం మళ్లీ మాట్లాడుకుందాం” అంటే చాలు. ఆ మాట నిలబెట్టుకోవాలి. మర్నాడు సాయంత్రం మీరు కూర్చోకపోతే పిల్లలు ఇంకోసారి నమ్మరు.

తర్వాతి విషయం కాస్త సున్నితమైనది, తప్పుగా అనుకోకండి. పిల్లల మీద ప్రేమతో మనం చేసే రెండు పనులు వాళ్ల భయాన్ని పెంచుతాయి. ఒకటి, అడిగిన ప్రతిసారీ ధైర్యం చెప్పడం. “రేపు టీచర్ నన్నే అడిగితే?” అంటే “అడగరులే కన్నా” అంటాం. రెండు నిమిషాలు ఊరట కలుగుతుంది, మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. జవాబు బయటి నుంచే రావాలన్న అలవాటు బలపడుతుంది. రెండోది, భయపెట్టే పని నుంచి తప్పించడం. ఆ రోజు బడి మానిపిస్తే కడుపునొప్పి పది గంటలకల్లా పోతుంది. దాంతో పాటు “మానేస్తేనే తగ్గింది” అన్న పాఠం కూడా ఒంటబడుతుంది. మర్నాడు గడప దాటడం ఇంకా కష్టమవుతుంది.

అలాగని మెడపట్టి తోయమని కాదు. “భయంగా ఉందని తెలుస్తోంది కన్నా. ఈ భయంతోనే నువ్వు వెళ్లగలవని కూడా నాకు తెలుసు” అనండి. ఇందులో భయాన్ని ఒప్పుకోవడమూ ఉంది, బిడ్డ మీద నమ్మకమూ ఉంది. ఏ ఒక్కటి లేకపోయినా ఈ మాట పనిచేయదు. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ రూపొందించిన ఒక చికిత్సకు ఇదే పునాది. అందులో వైద్యులు పిల్లలతో అసలు కూర్చోరు, తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు. 2020లో ప్రచురించిన పోలికలో అది పిల్లలకు నేరుగా ఇచ్చే మానసిక చికిత్సకు ఏమాత్రం తీసిపోలేదు. మీ మాట తీరుకు అంత బలం ఉంది. తరగతి ముందు చదవడానికి వణికే పిల్లలుంటే మాకు చెప్పండి. మొదట ఒక్క స్నేహితుడికి, తర్వాత టీచర్‌కి ఒంటరిగా, ఆపైన తరగతికి ఒక్క పేరా, ఇలా మెట్టుమెట్టుగా తీసుకెళ్లడానికి మా టీచర్లు సిద్ధంగా ఉన్నారు.

గుండె దడదడలాడుతున్న క్షణంలో పనికొచ్చేది ఊపిరి. గాలి పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలినప్పుడు వేగస్ నాడి దాన్ని తగ్గిస్తుంది. అందుకే వదిలే శ్వాస పొడవుగా ఉండాలి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం, మూడు నాలుగు నిమిషాలు. కొంతమంది పిల్లలకు ఊపిరి మీద ధ్యాస పెడితే కంగారు ఇంకా ఎక్కువవుతుంది. వాళ్లకు ఎడ్మండ్ జాకబ్‌సన్ అనే అమెరికన్ వైద్యుడు దాదాపు వందేళ్ల కిందట రూపొందించిన పద్ధతి నయం. పిడికిలి గట్టిగా బిగించి ఐదు క్షణాలు ఆగి వదిలేయడం, తర్వాత భుజాలు, మొహం, పొట్ట, కాళ్లు. ఏదైనా సరే మనసు కుదురుగా ఉన్న వేళే నేర్పండి. భయం పట్టుకున్నాక కొత్త విద్య ఎక్కదు.

ఇక నిద్ర. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన లెక్క ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. మీ ఇంట్లో ఎంత అవుతోందో ఒక వారం రాసి చూడండి.

పడుకునే వేళను సరిచేయాలని అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు. నా ఉద్దేశంలో లేచే వేళ నుంచి మొదలుపెట్టాలి. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒక గడియారం ఉంది. అది జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల్లో సగటున అది 24 గంటల కన్నా కాస్త ఎక్కువ సమయంలో ఒక చుట్టు తిరుగుతుంది. రోజూ సరిచేయకపోతే వెనకబడిపోతుంది. సరిచేసేది పొద్దుటి వెలుతురు. రోజూ ఒకే వేళకు లేపి, లేచిన గంటలోపు పావుగంటో అరగంటో ఆరుబయట ఉండనిస్తే రాత్రి నిద్ర కూడా దాని వేళకు అదే దారికొస్తుంది. సెలవు రోజుల్లో గంటకు మించి ఆలస్యంగా లేవనివ్వకండి. మధ్యాహ్నం దాకా పడుకున్న పిల్లలకు ఆ రాత్రి పదింటికి నిద్ర పట్టమంటే పట్టదు, మర్నాడు బడి రోజు.

పదమూడు దాటిన పిల్లల గురించి ఒక్క మాట. యుక్తవయసులో ఈ గడియారమే ఒకటి రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. నిద్రకు వేళైందని చెప్పే మెలటోనిన్ వాళ్ల ఒంట్లో ఆలస్యంగా మొదలవుతుంది. రాత్రి పదకొండుకు చురుగ్గా ఉండి పొద్దున లేవలేకపోవడం బద్ధకం కాదు, ఆ వయసు శరీర ధర్మం. తిట్టడం వల్ల అది మారదు. రాత్రిపూట వెలుతురు మాత్రం దాన్ని ఇంకా వెనక్కి తోస్తుంది. కంటి వెనక పొరలో నీలి కాంతికి స్పందించే ప్రత్యేక కణాలుంటాయి, అవి పగలింకా ఉందని మెదడుకు చెబుతాయి. ఇంట్లో దీపాలు తగ్గించడం, పడుకునే గంట ముందు ఫోన్లన్నీ పడకగది బయట ఛార్జింగ్‌కి పెట్టడం అందుకే. ఫోను తెర వెలుతురు కన్నా అందులో వచ్చే సందేశాలే ఎక్కువ చేటని నేననుకుంటాను. స్నేహితుల గుంపులో తన గురించి ఏమన్నారో అన్న కుతూహలం ఏ పిల్లనైనా మేల్కొలిపి కూర్చోబెడుతుంది. ఫోన్లు బయట పెట్టే నియమం ఇంట్లో అందరికీ ఒకటే ఉండాలి, మీకు కూడా.

సాయంత్రం కాఫీ, టీ, కోలా, ఎనర్జీ డ్రింకులు వద్దు. పెద్దవాళ్ల ఒంట్లోనే కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. రోజుకు గంటైనా ఒళ్లు అలిసే ఆట ఉండాలి.

పడుకున్నాక ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి, మసక వెలుతురులో ఏదైనా నెమ్మదైన పుస్తకం చదువుకోనివ్వండి. కళ్లు మూతపడుతున్నప్పుడు మళ్లీ పడక మీదకు. రిచర్డ్ బూట్‌జిన్ 1972లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. పడక అంటే మేలుకుని బెంగపడే చోటు అని మెదడు నేర్చుకోకుండా కాపాడుతుంది. అదే కారణంతో హోంవర్క్‌ను మంచం మీద చేయనివ్వకండి. గోడ గడియారం పడక మీద నుంచి కనబడకుండా చూడండి. “ఇంకా పడుకోలేదా?” అని పదేపదే తలుపు తీసి అడగకండి. అలా అడిగితే నిద్ర కూడా మార్కులు తెచ్చుకోవాల్సిన పరీక్ష అయిపోతుంది.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. లేచే వేళ ఒకటి, సాయంత్రపు పావుగంట ఒకటి పట్టుకోండి. రెండు మూడు వారాలు గడిచాక తక్కినవి చూద్దాం.

బడి వైపు నుంచి మేం చేయాల్సినవీ ఉన్నాయి. పెద్ద తరగతుల బడి ఉదయం 8:30కి ముందు మొదలుకాకూడదని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం 2014లోనే కోరింది. వచ్చే నెల నుంచి 9, 10 తరగతులకు బడి వేళకు ముందు పెట్టే ప్రత్యేక తరగతులు ఎత్తేస్తున్నాం. హోంవర్క్ సందేశాలు సాయంత్రం 6 తర్వాత రావు. సెలవు మర్నాడు పరీక్ష ఉండదు. ఏ టీచర్ అయినా దీన్ని మరిచిపోతే నాకు చెప్పండి.

ఇంటి ప్రయత్నాలు చాలని సందర్భాలు ఉంటాయి. బెంగ వల్ల బడికి వెళ్లడం, తినడం, ఆడుకోవడం రెండు వారాలకు పైగా దెబ్బతింటుంటే, పిల్లలు ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడకపోవడంతో విలవిల్లాడుతుంటే డాక్టర్‌కు చూపించండి. రోజూ గట్టిగా గురకపెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించినా చూపించాలి. అది బెంగ కాదు, నిద్రలో శ్వాసకు అడ్డంకి కావచ్చు. చచ్చిపోవాలనుందని, తనను తాను గాయపరుచుకోవాలనుందని పిల్లలు ఏ రూపంలో అన్నా అది బెదిరింపు అనుకోకండి, ఆ రోజే సాయం తీసుకోండి, ఒంటరిగా వదలకండి. నిద్రమాత్రలు, మెలటోనిన్ బిళ్లలు డాక్టర్ చెప్పకుండా ఇవ్వొద్దు.

బడి కౌన్సెలర్ రోజూ మధ్యాహ్న భోజన విరామంలోనూ, బడి వదిలాక గంటసేపూ ఉంటారు. పిల్లలు ఎవరి అనుమతీ లేకుండా నేరుగా వెళ్లొచ్చు. మీరు రావాలనుకుంటే డైరీలో “మాట్లాడాలి” అని ఒక్క ముక్క రాస్తే చాలు, కారణం రాయక్కర్లేదు. ఎప్పుడు వీలవుతుందో కనుక్కోవడానికి మేమే మీకు ఫోన్ చేస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు