పాయింట్ల లెక్క సరే, కిలోవాట్ ధర మాటేమిటి?

సంపాదకులు గారికి,

ఆర్యా,

ఇంటి మిద్దె మీద సోలార్ పలకలు బిగించే కంపెనీల ప్రతినిధులు కొంతకాలంగా కర్నూలు, కల్లూరు కాలనీల్లో గడప గడపకూ వస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో మిద్దె సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే ‘పీఎం సూర్యఘర్’ పథకం మొదలైన దగ్గర నుంచి ఈ వ్యాపారం ఊపందుకుంది. గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తున్న సీమలో మన మిద్దెల మీది ఎండ వృథా కావలసిన పనిలేదు కనుక అందుకు సంతోషించేవాళ్లలో నేనూ ఒకణ్ని. నా అభ్యంతరమల్లా వాళ్లు చేతిలో పెట్టి వెళుతున్న కరపత్రాల మీద.

మా కాలనీలో పంచిన ఒక కరపత్రంలో సగం పేజీని ‘ఈ రోజే రిజిస్టర్ చేసుకోండి, 5,000 పాయింట్లు పొందండి’ అన్న అక్షరాలే ఆక్రమించాయి. అడుగున, కళ్లద్దాలు పెట్టుకున్నా కష్టంగా కనిపించే అక్షరాల్లో, నాలుగు పాయింట్లకు ఒక రూపాయి అని ఉంది. వాటిని ఆ కంపెనీ అమ్మే ఇన్వర్టర్ బ్యాటరీల మీదే వాడాలి, బిల్లులో పదోవంతుకు మించి వాడకూడదు, తొంభై రోజులు దాటితే చెల్లవు. అంటే 5,000 పాయింట్ల విలువ 1,250 రూపాయలు. అవి దక్కాలంటే 12,500 రూపాయల సరుకు మళ్లీ అక్కడే కొనాలి. కొత్తగా పలకలు పెట్టించుకున్నవాడు మూడు నెలలు తిరక్కముందే బ్యాటరీ ఎందుకు కొంటాడో ఆ నిబంధన రాసినవాళ్లకే తెలియాలి. కిలోవాట్‌కు ఎంత తీసుకుంటారు, పలకలు ఏ కంపెనీవి, ఇన్వర్టర్‌కు ఎన్నేళ్ల వారంటీ అన్న మూడు సంగతులు మాత్రం ఆ కాగితంలో పెద్ద అక్షరాల్లోనూ లేవు, చిన్న అక్షరాల్లోనూ లేవు.

అదే వీధిలో రెండు ఇళ్లవాళ్లు మూడు కిలోవాట్లకు తీసుకున్న కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూశాం. పాయింట్లు ఇచ్చేవాళ్లది 2,10,000, ఏమీ ఇవ్వనివాళ్లది 1,95,000. సబ్సిడీ ఇద్దరికీ ఒకటే: కేంద్రం రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78,000 ఇస్తుంది, అది నేరుగా వినియోగదారుడి బ్యాంకు ఖాతాలో పడుతుంది. దాన్ని కూడా తమ ఆఫర్‌లో భాగమన్నట్టు చెప్పుకొనే ప్రతినిధులు ఉన్నారు కాబట్టి ఈ మాట విడిగా రాస్తున్నాను. పదిహేను వేలు ఎక్కువ తీసుకుని పన్నెండు వందల యాభై తిరిగి ఇవ్వడం, అదీ షరతులతో ఇవ్వడం, పండుగ ముందు ధర పెంచి పండుగనాడు తగ్గింపు బోర్డు పెట్టే బట్టల దుకాణం పద్ధతి.

పాయింట్లన్నీ మోసమని నేను అనడం లేదు. వంటగ్యాస్ సంగతే చూడండి. 14.2 కిలోల సిలిండర్ ధరలో మూడు ప్రభుత్వ రంగ కంపెనీల మధ్య ఒకే ఊళ్లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అక్కడ యాప్‌లో బుక్ చేస్తే వచ్చే క్యాష్‌బ్యాక్, పాయింట్లు నిజంగా మనకు మిగిలేవే, నిక్షేపంగా తీసుకోవచ్చు. ధర అందరికీ ఒకటిగా ఉన్నచోట పాయింట్ అదనపు లాభం. ధరను అమ్మేవాడే నిర్ణయించే చోట ఆ పాయింట్ ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది. సోలార్ వ్యాపారం ఈ రెండో కోవలోది. కాబట్టి పాయింట్లను ముందు రూపాయల్లోకి మార్చాలి, మనం తప్పకుండా వాడుకోగలిగినంత వరకే లెక్కలోకి తీసుకోవాలి, అదీ మిగిలిన అంశాలన్నీ సమానంగా తేలిన తర్వాతే.

మరో చిక్కు కిలోవాట్ల దగ్గర ఉంది. ఎక్కువ సామర్థ్యం పెట్టించుకుంటే ఎక్కువ పాయింట్లు అంటారు. మన రాష్ట్రంలో 2022-23 టారిఫ్ ప్రకారం గృహ వినియోగదారుడికి మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, తర్వాత 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. నెలకు 120 యూనిట్లు వాడే ఇంటికి ఈ లెక్కన విద్యుత్ ఛార్జీ 394.50, 300 యూనిట్లు వాడే ఇంటికి 1,673.25, స్థిర ఛార్జీ, సుంకం, సర్దుబాటు ఛార్జీలు వేరు. యూనిట్లు రెండున్నర రెట్లు పెరిగితే బిల్లు నాలుగు రెట్లు దాటింది. సోలార్ వల్ల ఆదా అయ్యేది ముందుగా ఈ పై శ్లాబుల యూనిట్లే గనక ఏసీ నడిచే ఇంటికి అది చక్కగా గిట్టుతుంది. 120 యూనిట్ల ఇంటికి కిలోవాట్ సరిపోతుంది, ఎందుకంటే కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. ఆ ఇంటికి పాయింట్ల ఆశ చూపి మూడు కిలోవాట్లు అంటగడితే, మనం వాడుకోగా మిగిలిన యూనిట్లకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కట్టే ధర మనం కొనే పై శ్లాబు ధరంత ఉండదు కనుక, పెట్టుబడి తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. పెన్షన్ డబ్బుతో ఇల్లు నడిపే పెద్దవాళ్లకు ఈ లెక్క చెప్పే ప్రతినిధిని నేను ఇంకా చూడలేదు.

ఇక ‘మీ ఎదురింటి సార్ కూడా మా దగ్గరే పెట్టించుకున్నారు’ అనే మాట. తెలిసినవాళ్లను చేర్పిస్తే వాళ్లకూ పాయింట్లు వస్తాయి కాబట్టి ఎదురింటివాళ్ల సిఫారసు ఎంతవరకు అనుభవమో, ఎంతవరకు కమీషనో తేల్చుకోవడం కష్టమవుతోంది. ప్రకటనకర్తతో ఆర్థిక సంబంధం ఉండి వస్తువును సిఫారసు చేసేవారు ఆ సంబంధాన్ని బయటపెట్టాలని 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘ఈ రాత్రి పన్నెండు గంటల వరకే’ అంటూ లేని తొందర పుట్టించడాన్ని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిషేధిత పద్ధతుల్లో చేర్చింది. వీధి కరపత్రాలకు, వాట్సాప్ సందేశాలకు ఈ స్ఫూర్తి చేరినట్టు కనబడదు. తప్పుడు ప్రకటన కనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చన్న సంగతి కూడా మా కాలనీలో చాలామందికి తెలియదు.

ఈ విషయం సోలార్‌తో ఆగదు. ఒకే ప్రాంతంలో ఒకటికి మించి కంపెనీలు కరెంటు పంపిణీ చేసేందుకు వీలు కల్పించే విద్యుత్ చట్ట సవరణ బిల్లు 2022 ఆగస్టులో లోక్‌సభ ముందుకు వచ్చి పరిశీలన కోసం పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది; 2025 అక్టోబరులో మరో ముసాయిదా వెలువడింది. ముంబయిలో కొన్ని ప్రాంతాలవాళ్లు ఇప్పటికే టాటా పవర్, అదానీ ఎలక్ట్రిసిటీల్లో ఒకదాన్ని ఎంచుకోగలుగుతున్నారు. ఆస్ట్రేలియాలో విమానయాన సంస్థల పాయింట్లు ఇచ్చి కరెంటు అమ్మే కంపెనీలు ఉన్నాయి. అయితే అక్కడ 2019 జూలై నుంచి చాలా రాష్ట్రాల్లో ప్రతి కంపెనీ తన ధర ప్రభుత్వ ప్రామాణిక ధరకంటే ఎంత తక్కువో, ఎంత ఎక్కువో ప్రకటనలో చెప్పాలి. అమెరికాలోని టెక్సాస్‌లో నెలకు 500, 1,000, 2,000 యూనిట్లు వాడితే సగటున యూనిట్ ఎంత పడుతుందో ఒక నిర్ణీత పత్రంలో చూపాలి. పోటీ రావడం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్లడం లేదు. వస్తే మాత్రం ఇటువంటి పత్రం లేకుండా రాకూడదు.

అందువల్ల తిరుపతి కేంద్రంగా మన జిల్లాలకు కరెంటు ఇస్తున్న దక్షిణ ప్రాంత డిస్కం తన దగ్గర నమోదైన సోలార్ విక్రేతలందరూ ఒక పేజీ ధరల పత్రాన్ని తెలుగులో ఇచ్చి తీరాలని ఆదేశించాలి. కిలోవాట్ ధర, సబ్సిడీ పోను చేతి నుంచి పడేది, పలకల, ఇన్వర్టర్ల తయారీదారు, వారంటీ గడువు, పథకం నిబంధనల ప్రకారం ఐదేళ్లు చేయవలసిన నిర్వహణ ఎవరిదన్న వివరం, పాయింట్లు ఉంటే వాటి రూపాయి విలువ, గడువు అందులో ఒకే పరిమాణం అక్షరాల్లో ఉండాలి. కరెంటు ధరలు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలికి దిన్నెదేవరపాడు దారిలో కట్టిన విద్యుత్ నియంత్రణ భవనం మన ఊళ్లోనే ఉంది. పంపిణీలో పోటీకి సంబంధించిన నిబంధనలు రాసే రోజు వస్తే ఇదే నమూనాను లైసెన్సు షరతుల్లో చేర్చమని నియంత్రణ మండలిని కోరుతున్నాను. టారిఫ్‌పై బహిరంగ విచారణకు అభ్యంతరాలు పిలిచినప్పుడు మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున ఈ కోరికను రాతపూర్వకంగా సమర్పిస్తాం. నంద్యాల, ఆదోని, అనంతపురం, కడప సంఘాలు కూడా తమ తమ కొటేషన్లు జతచేసి పంపితే మండలి ముందు ఒక కాలనీ గోడుగా కాక సీమ అంతటి సమస్యగా నిలుస్తుంది.

ఇట్లు,
కాలనీ సంక్షేమ సంఘ సభ్యుడు,
కర్నూలు