వైద్య విద్యార్థులను రోగి ఇంట్లో ఒక పూట కూర్చోబెట్టండి

ఎడిటర్ గారికి,

మా బాబాయికి కిడ్నీలు పనిచేయక వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు, దానికి ముందు గోదావరి లంక నుంచి పంటు మీద ఏరు దాటి రావడం, మండుటెండలో కూడా నీళ్లు కొలుచుకుని తాగడం. మొన్న ఆసుపత్రిలో ఒక మెడికల్ స్టూడెంట్ "నీళ్లు ఎక్కువ తాగేశారా?" అని అందరి ముందూ గద్దించేసరికి ఆయన ముఖం చిన్నబోయింది. ఆ అమ్మాయిని తప్పుపట్టను, గొంతెండిపోతుంటే చిన్న ఐసుముక్క చప్పరించి ఊరుకోవడమంటే ఏమిటో ఆమెకి ఎవరు చూపించారు? ఎంబీబీఎస్‌లో 2019 నుంచి రోగితో మాట్లాడే తీరు మీద పాఠాలున్నాయి, విద్యార్థులు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం కనిపెట్టుకునే కార్యక్రమమూ వచ్చింది. మంచిదే. కానీ బీపీ చూసి, ఫారం నింపుకుని వచ్చేస్తే ఏం తెలుస్తుంది? కాకినాడ, రాజమండ్రి, ఏలూరు కాలేజీల పిల్లలు షుగరు, కిడ్నీ జబ్బు, పక్షవాతం ఉన్న ఇళ్లలో ఒక పూటైనా కూర్చోవాలి, మందుల డబ్బులు ఎలా సర్దుతున్నారో అడగాలి. నర్సింగ్ విద్యార్థులనీ పంపండి, రోగి దగ్గర ఎక్కువసేపు ఉండేది వాళ్లే.

- ఒక పాఠకురాలు, కోనసీమ