1,80,000 కిలోమీటర్లు తిరిగిన బండి గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కారు వివరాలు రెండుసార్లు చదివాను. పన్నెండేళ్ల పెట్రోలు కారు, మీటరులో 1,80,000 కిలోమీటర్లు, ఇప్పటికి ఇద్దరు యజమానులు, ధర నువ్వు కూడబెట్టుకున్న డబ్బుకు సరిపోతుంది. ఇన్ని కిలోమీటర్లు తిరిగిన బండి కొనవచ్చో కూడదో ఒక్క మాటలో చెప్పమని అడిగావు. ఆ అంకె ఒక్కటే చూసి సరేననడానికీ, వద్దనడానికీ కూడా నా మనసు ఒప్పుకోవడం లేదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివేదాకా బయానా మాత్రం ఇవ్వవద్దు.

మీటరు దూరాన్ని లెక్కపెడుతుందే తప్ప, ఆ దూరం ఎలా గడిచిందో చెప్పదు. పెద్ద రోడ్ల మీద సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తిరిగిన బండికి 1,80,000 కిలోమీటర్లు పూర్తి కావడానికి 3,000 గంటలు పడుతుంది. అదే దూరాన్ని రద్దీ వీధుల్లో 20 కిలోమీటర్ల సగటు వేగంతో తిరిగితే ఇంజిన్ 9,000 గంటలు నడవాలి. రెండు బండ్లలోనూ మీటరు ఒకే అంకె చూపిస్తుంది గాని, రెండోదానిలో క్లచ్, బ్రేకులు, స్టార్టర్ ఎన్నో రెట్లు ఎక్కువ పనిచేసి ఉంటాయి. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేసే చిన్న ప్రయాణాలు మరీ చేటు. చల్లగా ఉన్న ఇంజిన్‌లో కాలకుండా మిగిలిన పెట్రోలు కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. లోపల చేరిన తేమ ఆవిరై పోవడానికి చాలినంత వేడి పుట్టదు. అలాంటి ఆయిల్ పలచబడి, అరుగుదలను ఆపవలసిన పనిని సరిగా చేయలేకపోతుంది.

తన బండి అంతా హైవే మీదే తిరిగిందని అమ్మే ఆయన చెప్పారని రాశావు. అది అబద్ధమని నేను అనను, కానీ ఆ మాటకు బండే సాక్ష్యం చెప్పాలి. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయిందా, డ్రైవరు సీటు అంచు నలిగిపోయిందా, స్టీరింగ్ మీది తోలు మెరుస్తోందా చూడు. ఆ తర్వాత సర్వీసు బిల్లులన్నీ అడిగి, తేదీల వారీగా పేర్చుకుని, ప్రతి బిల్లు మీద రాసిన కిలోమీటర్లు వరుసగా పెరుగుతూ వచ్చాయో లేదో సరిచూడు. పన్నెండేళ్లకు 1,80,000 అంటే ఏడాదికి సగటున 15,000. అది సహజమైన వాడకమే. ఒక బిల్లులో ఉన్న అంకె కంటే తర్వాతి బిల్లులోని అంకె తక్కువగా ఉంటే మాత్రం మీటరు వెనక్కి తిప్పారని అనుమానించాలి. అలాంటి బండి దగ్గర ఇక ఒక్క నిమిషం కూడా నిలబడవద్దు.

తక్కువ తిరిగిన బండి అయితే భయం లేదనుకోవడం ఎంత పొరపాటో నాకు అనుభవం మీద తెలిసింది. నీకు నాలుగేళ్లప్పుడు మనం కొన్న పాత కారు మీటరులో 70,000 మాత్రమే ఉండేది. ఆ అంకె చూసి నేను నిశ్చింతగా ఉన్నాను. బండి వయసు పదకొండేళ్లని తెలిసినా, ఇంజిన్‌లో పిస్టన్‌లూ వాల్వులూ ఒకదానికొకటి తగలకుండా ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారని అమ్మినవారిని అడగలేదు. ఆ బెల్టు రబ్బరుది. అది కిలోమీటర్లతో అరుగుతుంది, తిరగకపోయినా ఏళ్లతో ఎండి పగులుతుంది. ఒక రాత్రి ఊరికి దూరంగా, నువ్వు వెనక సీట్లో మీ అమ్మ ఒడిలో నిద్రపోతుండగా, అది తెగింది. ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోయి బండి రోడ్డు పక్కకు చేరింది. తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్‌లు వచ్చి గుద్దడంతో వాల్వులన్నీ వంగిపోయాయి, ఇంజిన్ హెడ్ మొత్తం విప్పవలసి వచ్చింది. డబ్బు పోయినందుకు కాదు గాని, మిమ్మల్నిద్దరినీ ఆ చీకట్లో నిలబెట్టినందుకు ఇప్పటికీ బాధపడతాను. అందుకే నువ్వు చూసిన బండిలో ఉన్నది రబ్బరు బెల్టా, లేక లోహపు గొలుసా (చైన్) అన్నది మొదట తెలుసుకో. బెల్టయితే, ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన గడువులోపల మార్చినట్టు బిల్లు ఉండాలి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కగట్టి, వాటర్ పంపుతో కలిపి మార్పించే ఖర్చును ధరలో తగ్గించమని అడగాలి. చైనయితే సాధారణంగా ఎక్కువ కాలం వస్తుంది. అయితే ఆయిల్ సకాలంలో మార్చని బండ్లలో అదీ సాగి, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో గలగలమని చప్పుడు చేస్తుంది.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఆ మొదటి క్షణాలదే. బండి రాత్రంతా కదలకుండా ఉండి, నువ్వు వెళ్లేసరికి బానెట్ చల్లగా ఉండాలి. వేడెక్కిన ఇంజిన్ తన జబ్బుల్లో సగం దాచుకుంటుంది. ఒకరిని స్టార్ట్ చేయమని, నువ్వు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడు. తెల్లని ఆవిరి కాసేపు వచ్చి ఆగిపోతే అది ఉత్త నీటి ఆవిరి, దానికి భయపడనక్కరలేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యని వాసనతో తెల్లని పొగ దట్టంగా వస్తూనే ఉంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, సిలిండర్‌లోకి దిగుతోందని, ఇంజిన్ హెడ్ కింద లీకు కాకుండా ఆపే పొర, అంటే హెడ్ గ్యాస్కెట్, దెబ్బతిన్నదని అనుమానించాలి. నీలం పొగ ఆయిల్ మండుతున్న గుర్తు. స్టార్ట్ చేయగానే ఒక్కసారి కనిపించి పోతే వాల్వు సీళ్లు గట్టిపడి ఉండవచ్చు, దానికి ఖర్చుతో కూడిన మరమ్మతు ఉంది. ఎక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే మాత్రం పిస్టన్ రింగులు అరిగిపోయి ఇంజిన్ బోరింగ్‌కు, అంటే సిలిండర్లను తొలిచి సరిచేసే పెద్ద పనికి, వచ్చిందని అర్థం. అప్పుడు ధర ఎంత తగ్గించినా నేను కొనమనను. అలా మండే ఆయిల్ సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కూడా పాడుచేస్తుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలు ఉండే భాగం అది, మార్చాలంటే చాలా ఖర్చవుతుంది.

ఆ తర్వాత అమ్మేవారికి ఏ సంబంధమూ లేని మెకానిక్ చేత కంప్రెషన్ పరీక్ష చేయించు. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండర్ ఎంత ఒత్తిడి పుట్టిస్తోందో గేజితో కొలుస్తారు. ఆ ఒత్తిడి ఎంతన్నదాని కంటే, నాలుగు సిలిండర్లూ ఇంచుమించు సమానంగా ఉన్నాయా అన్నది ఎక్కువ చెబుతుంది. ఒకటి మిగిలినవాటి కంటే బాగా తక్కువగా ఉంటే ఆ సిలిండర్‌లో కొద్దిగా ఆయిల్ వేసి మళ్లీ కొలవమను. ఒత్తిడి పెరిగితే లోపం రింగుల్లో ఉంది, పెరగకపోతే వాల్వుల్లోనో గ్యాస్కెట్‌లోనో ఉంది. తీసిన ప్లగ్గులను కూడా చూడు. కొసలు లేత గోధుమరంగులో ఉంటే మంట సరిగా ఉంది. నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది.

అదే మెకానిక్ చేత, బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే స్కానర్ కూడా పెట్టించు. తాళం తిప్పగానే చెక్ ఇంజిన్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి తర్వాత ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో వాటిని పనిచేయకుండా చేశారని అనుమానించు. లోపాల కోడ్‌లు చెరిపేస్తే, బండి తనను తాను పరీక్షించుకున్న వివరాలు కూడా చెరిగిపోయి, మళ్లీ పూర్తి కావడానికి కొంత ప్రయాణం పడుతుంది. ఆ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్ చూపిస్తే, ఈ మధ్యనే కోడ్‌లు చెరిపారో, బ్యాటరీ వైరు విప్పారో అడిగి తెలుసుకో.

మిగిలినవి నువ్వే చూసుకోగలవు. పై గేరులో నెమ్మదిగా వెళుతూ ఒక్కసారిగా ఎక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోవడం క్లచ్ జారుతున్న గుర్తు. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్నీ, చివరి రెండూ ఏడాదినీ చెబుతాయి; 2319 అంటే 2019లో 23వ వారం. టైర్లు ఒక అంచునే అరిగి ఉంటే అలైన్‌మెంట్‌నో, కింది బుష్‌లనో చూపించాలి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడు. అక్కడ మట్టి మరక ఉంటే బండి నీట మునిగి ఉండవచ్చు. అడుగుభాగంలో పైపొర తుప్పు సరే గాని, స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే దిగే తుప్పు ఉన్న బండి వద్దు. బండి మీద అప్పు మిగిలి లేదన్న కాగితం కూడా చేతికి రావాలి.

డబ్బు విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. నీ దగ్గర ఉన్నదంతా ధరకే పెట్టవద్దు. కనీసం ఐదో వంతు పక్కన ఉంచుకో. ఈ వయసు బండికి కొన్న మొదటి నెలల్లోనే ఆయిళ్లు, కూలెంట్, ఫిల్టర్లు, ప్లగ్గులు, బహుశా బ్యాటరీ, షాక్ అబ్జార్బర్లు మార్చవలసి వస్తుంది. ఆ సొమ్ము మిగలదంటే ఇంకా చవకైన బండి చూసుకోవడమే మేలు.

ఇక నా అభిప్రాయం. బిల్లులు వరుసగా ఉండి, చల్లని స్టార్ట్‌లో పొగ, చప్పుడు లేకుండా, నాలుగు సిలిండర్లూ సమానంగా పలికితే, కాగితాలు లేని 60,000 కిలోమీటర్ల బండి కంటే ఈ 1,80,000 కిలోమీటర్ల బండినే నేను కొనమంటాను. టర్బో లేని మామూలు పెట్రోలు ఇంజిన్ కావడం కూడా నాకు ధైర్యాన్నిస్తోంది, ఎందుకంటే అందులో చెడిపోయే భాగాలు తక్కువ. పరీక్షలకు అమ్మే ఆయన ఒప్పుకోకపోతే, మర్యాదగా సెలవు తీసుకుని వచ్చేయి. నువ్వు రాత్రిపూట ఒంటరిగా పని నుంచి తిరిగివచ్చే బండి కదా, ఈ విషయంలో మొహమాటం వద్దు.

శుక్రవారం సాయంత్రం తర్వాత బండిని కదపవద్దనీ, శనివారం మేము వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దనీ ఆయనకు ఇవాళే చెప్పి ఉంచు. నేను శుక్రవారం రాత్రికే నీ దగ్గరికి వచ్చేస్తాను. తెల్లవారగానే ఇద్దరం కలిసి వెళదాం.

ఆశీస్సులతో,
మీ నాన్న