చస్కీ కుర్రాడి కథ

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్? పాపకి జ్వరం తగ్గిందా? మొన్న ఫోన్లో ఇన్కాల కథ మధ్యలో ఆగిపోయింది కదా, మిగతాది రాస్తున్నా. తీరిగ్గా చదువు.

దక్షిణ అమెరికాలోని ఆ ఇన్కా రాజ్యంలో గుర్రాల్లేవు, బండిచక్రం లేదు, ఉత్తరం రాసుకోడానికి లిపి లేదు. ఆండీస్ కొండల మీదుగా 30,000 కిలోమీటర్ల పైచిలుకు దారులు, వాటి మీద కబుర్లు మోస్తూ పరిగెత్తే చస్కీలు ఉన్నారంతే. రెండు మూడు కిలోమీటర్లకో గుడిసె. అవతల శంఖం వినపడగానే గుడిసెలో ఉన్నవాడు బయటికి ఉరకాలి. వచ్చేవాడి పక్కనే పరిగెత్తుతూ కబురు విని, పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాలి. లెక్కలు గుర్తుండేలా ముడులేసిన తాళ్ళ కట్ట, దాన్ని కిపు అంటారు, ఆ పరుగులోనే చేతులు మారుతుంది. రోజుకి 240 కిలోమీటర్ల దాకా కబురు వెళ్ళేదట!

ఈ పని అప్పుడే నేర్చుకుంటున్న ఓ కుర్రాడి మీద కథ రాద్దామనుకుంటున్నా. ఆ ఎత్తులో ఊపిరాడక రొప్పుతూ కూడా మాట తడబడకూడదు, వాడి చదువంతా అదే. సరిగ్గా అప్పుడే, 1532 నవంబర్ 16న, కహమార్కా అనే ఊళ్ళో స్పెయిన్ సేనాని పిజారో 168 మందితో వచ్చి ఇన్కా చక్రవర్తి అతవాల్పని పట్టుకున్నాడు. "సూర్యుడి కొడుకు బందీ అయ్యాడు" అని విన్నవాణ్ణి తిరిగి అప్పజెప్పమంటే నోరు పెగులుతుందంటావా?

ఆ తర్వాత కబుర్లు ఇంకా ఘోరం. నన్ను వదిలేస్తే గదినిండా బంగారం, దానికి రెండింతలు వెండి ఇప్పిస్తానన్నాడు అతవాల్ప. పంపించండని దేశమంతా కబురెళ్ళింది. సవతి సోదరుడు వాస్కర్‌ని చంపెయ్యమన్న ఆజ్ఞ కూడా చెరలోంచే వెళ్ళిందంటారు. ఏ కబురైనా మోయాల్సిందే, నేను మొయ్యనని అనడానికి ఆ కుర్రాడికి హక్కెక్కడిది? నాకు రాత్రిళ్ళు ఇదే ఆలోచన. అంత బంగారం ముట్టాక కూడా 1533 జులైలో అతవాల్పని చంపేశారురా!

అదే దారిన స్పెయిన్ వాళ్ళు ఇన్కాల రాజధాని కుస్కో చేరారు. దారి పొడుగునా ఇన్కాలు గిడ్డంగుల్లో దాచుకున్న తిండే వాళ్ళకి దారిబత్తెం అయింది. రాజ్యం చేతికొచ్చాక చస్కీలనీ వదల్లేదు, తమ తపాలా వాళ్ళ చేతే మోయించారు.

అందుకే ఎటూ తేల్చుకోలేకపోతున్నా. కథ కహమార్కా రాత్రి దగ్గర మొదలెట్టనా, లేక ఆ కుర్రాడు పెద్దవాడై పరాయివాళ్ళ ఉత్తరాలు మోసే రోజుల్లోనా? ఆలోచించి వెంటనే రాయి. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
రాంబాబు