వార్షిక నివేదిక: తెలుగు బడి ఉపాధ్యాయులు మరాయెలో గడిపిన రెండు రాత్రులు

సంఘ సభ్యులకు నమస్కారం. ఉగాది, సంక్రాంతి కార్యక్రమాల జమాఖర్చులు కోశాధికారి పట్టికలో ఉన్నందున, ఈ భాగంలో మన ఆదివారపు తెలుగు బడి ఉపాధ్యాయులు పదకొండు మంది ఆక్లండ్‌కు దక్షిణాన ఒక మరాయెలో పాల్గొన్న శిక్షణ శిబిరం గురించి మాత్రమే తెలియజేస్తున్నాను.

మరాయె అంటే న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల సభాస్థలి. అక్కడికి వెళ్లిన అతిథులు గేటు దగ్గరే ఆగి, ఆతిథ్యమిచ్చే వారి తరఫున ఒక స్త్రీ గొంతెత్తి పిలిచాకే, తమ పక్షాన మరో స్త్రీ బదులు పలుకుతుండగా ముంగిట్లోకి నడవాలి. మన వ్యాను దారి తప్పి ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరింది. అంతసేపూ పెద్దావిడలు చలిగాలిలో నిలబడే ఉన్నారు. వారు ఒక్క మాటా అనలేదు గానీ, తప్పు మనదేనని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఇరుపక్షాల స్వాగత ప్రసంగాల్లో ప్రతిదాని తరువాత, మాట్లాడిన పక్షం వారు పాట పాడాలన్న సంగతి ముందే తెలిసినా మనం సాధన చేసుకోలేదు. ఒక టీచరమ్మ జోలపాట ఎత్తుకోగా మిగతావారు రెండో చరణానికి గొంతు కలిపారు. మన చివరి వక్త నేలమీద ఉంచిన కవరు 'కోహా', అంటే కానుక. లెక్కల్లో దానిని అద్దె కింద చూపవద్దని కోశాధికారిని కోరాను.

పడక అందరికీ ఒకే చెక్కడపు ఇంట్లో, గోడల వెంట పరిచిన పరుపుల మీద. ఆ ఇల్లు పూర్వీకుడి శరీరమని, నడికొప్పు దూలం ఆయన వెన్నెముక అని, వాసాలు పక్కటెముకలని చెప్పారు. చెప్పులు బయట విడవమని మనవాళ్లకు చెప్పవలసిన పని లేకపోయింది గానీ, దిండు మీద కూర్చున్న ఒకరిని ఒక పెద్దావిడ మెల్లగా లేపి కుర్చీ చూపించారు. తల పవిత్రమైనది కనుక తల ఆనే దిండు మీద కూర్చోరు.

తరగతుల్లో ఒక ఉదయమంతా బ్రిటిష్ రాజ్యానికీ మావోరీ నాయకులకూ మధ్య కుదిరిన 1840 ఫిబ్రవరి 6 నాటి వైతాంగి ఒప్పందానికే సరిపోయింది. ఇంగ్లీషు ప్రతిలో సార్వభౌమాధికారం అని ఉన్నచోట మావోరీ ప్రతిలో పరిపాలన అనే అర్థమిచ్చే 'కావనతంగ' ఉండటం వల్ల పుట్టిన తగవు నేటికీ తెగలేదు. అనువాదం నేర్పేవారికి ఇంతకన్న పాఠం అక్కరలేదు. మావోరీ భాషను బడుల్లో నేర్పాలంటూ 1972లో ముప్పై వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు అర్జీ వెళ్లింది. 1982లో వైనుయియోమాటాలో పెద్దలు పసిపిల్లలతో మావోరీలోనే మాట్లాడే తొలి 'కోహంగ రెయో' అనే శిశుబడి మొదలైంది. 1987లో ఆ భాషకు అధికార హోదా వచ్చింది. మన పిల్లల అమ్మమ్మలు, నానమ్మలు చాలామటుకు వీడియో కాల్‌లోనే ఉంటారు కనుక, వారిని వారానికి ఒక గంట తరగతిలోకే కాల్ చేసి కూర్చోబెట్టాలని ఉపాధ్యాయులు తీర్మానించారు.

మావోరీలు తమను పరిచయం చేసుకునేటప్పుడు పేరుకన్న ముందు కొండ, నది చెబుతారు. దీనిని 'పెపెహా' అంటారు. మనలో ప్రవర చెప్పుకునే అలవాటు కొందరికే ఉంది, పైగా బడిలో గోత్రం అడగడం తగదు. అందుచేత ఈ టర్ము నుంచి ప్రతి పిల్లా కొండ, నది, ఊరు చెప్పి తన పేరు చెబుతోంది. మొదటి వారం ఒక పాప తన నది వైకాటో అంది, వాళ్ల నాన్న వెనక నుంచి మంజీర అన్నారు. బోర్డు మీద రెండూ రాశాం.

— కార్యదర్శి