బీచ్ రోడ్డులో చేత్తో తిప్పే జెట్ ఇంజన్ నమూనా ఒకటి పెట్టించండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారం.

సూటిగా విషయానికి వస్తానండి. విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 విమాన మ్యూజియం ఉంది కదా, అక్కడ తొలితరం జెట్ ఇంజన్ నమూనా ఒకటి పెట్టించమని అడగడానికే ఈ లేఖ. సగానికి కోసి లోపలి భాగాలన్నీ కనపడేలా ఉండాలి, పిల్లలు హ్యాండిల్ పట్టుకుని తిప్పితే తిరగాలి, పక్కన తెలుగులో రాసి ఉండాలి. దాన్ని ఎక్కడి నుంచో కొని తేవద్దు, మన ఊళ్లోనే చేయించండి.

నేను లేత్ మీద పనిచేసి రిటైరైన మనిషిని, ఉండేది గాజువాక. వీలున్న ఆదివారం ఆ మ్యూజియం వైపు వెళ్తుంటాను. టీయూ-142లంటే 1988 నుంచి 2017 దాకా నేవీలో పనిచేసిన విమానాలు, మన దగ్గరున్నదానికి నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటి ఎదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. జనం వాటి ముందు నిలబడి ఫోటో దిగి, ఎంత పెద్ద ఫ్యాన్లో అనుకుని వెళ్లిపోతారు. ఆ ఫ్యాన్లని తిప్పేది జెట్ ఇంజన్‌లో ఉండే సరంజామానే, అంటే గాలిని నొక్కే కంప్రెసర్, ఇంధనం మండే గదులు, ఆ వేడి గాలికి తిరిగే టర్బైన్. ఎన్‌కే-12 అనే ఆ ఇంజన్ సోవియట్ యూనియన్‌లో తయారైంది, దాని మీద పనిచేసిన వాళ్లలో యుద్ధం తర్వాత జర్మనీ నుంచి తీసుకెళ్లిన ఇంజనీర్లు కూడా ఉన్నారు. జెట్ ఇంజన్ చరిత్రలో అంత పెద్ద ముక్క మన బీచ్‌లో ఉంటే, దాని లోపల ఏం జరుగుతుందో మన పిల్లలకి తెలియకుండా పోతోంది, నా బాధ అదేనండి.

నమూనాకి నేను అడిగేది ఇంగ్లండ్ ఇంజనీరు ఫ్రాంక్ విటిల్ తయారుచేసిన డబ్ల్యూ-1 అనే జెట్ ఇంజన్. జర్మనీ వాళ్ల హైంకెల్ విమానం 1939 ఆగస్టు 27నే జెట్ ఇంజన్‌తో ఎగిరింది, ఆ మాట కూడా బోర్డు మీద రాయాలి. కానీ పిల్లలకి చూపించడానికి విటిల్ ఇంజనే తేలిక. ఒక షాఫ్ట్, దానికి ఒక చివర కంప్రెసర్ చక్రం, రెండో చివర టర్బైన్ చక్రం, మధ్యలో చుట్టూ పది మంట గదులు, అంతే. తిరిగేది ఒక్కటే ముక్క కాబట్టి పదో తరగతి పిల్లాడికి ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. 1941 మే 15న ఇంగ్లండ్‌లోని క్రాన్‌వెల్‌లో గ్లాస్టర్ విమానాన్ని గాల్లోకి లేపింది ఇదే, ఆ మొదటి ప్రయాణం 17 నిమిషాలు.

విటిల్ పడ్డ పాట్లు కూడా పిల్లలకి చెప్పాలండి. 1930లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. 1935లో దాన్ని రెన్యూ చేయించడానికి ఐదు పౌండ్లు కావాల్సి వచ్చింది, ఆయన దగ్గర లేవు, ఆయన పనిచేసేది వైమానిక దళంలోనే అయినా ప్రభుత్వం కట్టనంది, పేటెంట్ పోయింది. అయినా వదల్లేదు. 1937 ఏప్రిల్ 12న రగ్బీ అనే ఊళ్లో మొదటి ఇంజన్‌ని నడిపి చూస్తుంటే, అది చెప్పిన మాట వినకుండా వేగం పెంచుకుంటూ పోయింది, ఇంధనం వాల్వు మూసేసినా ఆగలేదు. చుట్టూ ఉన్నవాళ్లు పరుగు తీశారు, విటిల్ మాత్రం వాల్వు దగ్గరే ఉండిపోయాడు. ముందే కారి లోపల నిలిచిన ఇంధనం మండడం వల్ల అలా జరిగిందని తర్వాత తేలింది.

ఇదంతా ఇంగ్లండ్ సంగతి, మనకెందుకు అంటారేమో. 1971 యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్ మీద నుంచి లేచి చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీద దాడి చేసిన సీ హాక్ విమానాల్లో ఉన్నది రోల్స్‌రాయిస్ నీన్ ఇంజన్. రెండు వైపులా రెక్కలున్న కంప్రెసర్ చక్రం, చుట్టూ మంట గదులు, విటిల్ పద్ధతే. ఆ యుద్ధం గుర్తుగానే జరిపే నేవీ డేకి, డిసెంబర్ 4న బీచ్‌కి వచ్చి నిలబడే జనానికి ఈ సంబంధం చెప్పాలా వద్దా?

నా షెడ్డులో మూడో వంతు సైజు నమూనా ఒకటి చేసుకున్నాను, చాలావరకు అల్యూమినియం, కొంత టేకు చెక్క. చల్లగాలి వెళ్లే దారికి నీలం, వేడిగాలి దారికి ఎరుపు రంగు వేశాను. విటిల్ డిజైన్లో గాలి తిన్నగా వెనక్కి పోదు, మంట గదిలో ఒకసారి ముందుకి మళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి టర్బైన్‌కి చేరుతుంది. షాఫ్ట్ పొట్టిగా ఉండాలని అలా పెట్టాడు, నిమిషానికి పదహారు వేలకు పైగా చుట్లు తిరిగేది మరి, పొడుగైతే ఊగిపోతుంది. బొమ్మ గీసి చెబితే పెద్దవాళ్లకే ఎక్కలేదు. మా వీధి పాప ఒకతె ఆ దారి వెంట వేలు పెట్టి జరుపుకుంటూ పోయి, చివర్లో నన్నడిగింది: "తాతా, టర్బైన్ కంప్రెసర్‌ని తిప్పుతుంది, కంప్రెసర్ గాలి పంపితేగానీ టర్బైన్ తిరగదు, మరి మొట్టమొదట ఎవరు తిప్పాలి?" స్టార్టర్ మోటారు తిప్పాలమ్మా అని చెప్పి, హ్యాండిల్ ఆ పాప చేతికే ఇచ్చాను. అందుకే గాజు పెట్టెలో పెట్టొద్దంటున్నాను. ఒక కార్యాలయంలో ఈ మాట అడిగితే, ముట్టుకుంటే పాడైపోతుంది, రెడీమేడ్ ప్లాస్టిక్‌ది కొని అద్దాల వెనక పెడతాం అన్నారు. పాడైతే బాగుచేసుకుందామండీ, చేసేవాళ్లు ఊళ్లోనే ఉంటారు కదా.

మ్యూజియానికి సగం సైజు చాలు. కంప్రెసర్ చక్రం అసలుది 19 అంగుళాలు, మనది తొమ్మిదిన్నర, అంటే అన్నం తినే కంచం అంత వస్తుంది. మామూలు ఇనుము వాడొద్దు, సముద్రం పక్కన ఉప్పు గాలికి వానాకాలం దాటేసరికి చిలుము పట్టి హ్యాండిల్ బిగుసుకుపోతుంది. స్టెయిన్‌లెస్ షాఫ్ట్, ఇత్తడి బుష్‌లు, అల్యూమినియం చక్రాలు, వేళ్లు పడకుండా టర్బైన్ అంచుకి పారదర్శకమైన కవచం. చిన్నపిల్లలకి అందేలా ఒక మెట్టు వేయించండి. పని కంచరపాలెం ఐటీఐ టర్నర్, ఫిట్టర్ పిల్లలకి ఇవ్వండి, వాళ్ల వల్ల కాని మిల్లింగ్ పని ఆటోనగర్ షెడ్లలో అయిపోతుంది. చేసిన పిల్లల పేర్లు బోర్డు మీద కింద రాయించండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

నాకు డబ్బులేమీ వద్దు. కొలతలు వేసిన డ్రాయింగులు ఇస్తాను, ఐటీఐకి వచ్చి దగ్గరుండి చూపిస్తాను, కాళ్లు సహకరించినంత కాలం ఆదివారాలు మ్యూజియంలో నిలబడి పిల్లలకి చెబుతాను కూడా. మీ శాఖ నుంచి ఎవరినైనా ఒకసారి గాజువాక పంపండి, ముందు నా దగ్గరున్నది తిప్పి చూడమనండి, ఆ తర్వాతే నిర్ణయం తీసుకోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టర్నర్,
గాజువాక, విశాఖపట్నం